వర్క్‌స్టేషన్లన్నింటికీ ఒకే ఇంటర్‌ఫేస్: ఏది ప్రామాణికం కావాలి, ఏది వదిలేయాలి?

తార్నాక_ల్యాబ్:

సభ్యులందరికీ నమస్కారం. నేను నగర శివారులోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో వర్క్‌స్టేషన్ల (బరువైన పనికి వాడే శక్తిమంతమైన కంప్యూటర్ల) ల్యాబ్ చూసుకుంటున్నాను. సివిల్, మెకానికల్, జియోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థులు వంతులవారీగా అదే గదిలో పనిచేస్తారు. కొన్ని యంత్రాలలో విండోస్, కొన్నింటిలో గ్నోమ్ ఉన్న లినక్స్, మరికొన్నింటిలో కేడీఈ ఉన్న లినక్స్ ఉన్నాయి. గ్నోమ్, కేడీఈ అంటే లినక్స్‌లో తెర రూపాన్ని, మెనూలను, కిటికీలను ఇచ్చే రెండు వేర్వేరు డెస్క్‌టాప్‌లు. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎవరికి ఏ సీటు దక్కుతుందో ముందుగా తెలియదు కాబట్టి, ఏడాదంతా ఒక రకం తెరకు అలవాటుపడిన విద్యార్థి ఆ రోజు మరో రకం తెర ముందు కూర్చుని, గీయవలసిన సమయాన్ని మెనూలు వెతుక్కోవడంలో పోగొట్టుకుంటున్నాడు. గ్నోమ్ డైలాగులలో (‘సేవ్ చేయాలా?’ వంటి ప్రశ్న అడిగే చిన్న కిటికీలలో) ‘రద్దు’ ఎడమవైపు, ఒప్పుకునే బటన్ కుడివైపు ఉంటాయి. విండోస్, కేడీఈలలో ఈ వరుస తిరగబడుతుంది. చదివి నొక్కేవారికి ఇది చిన్న తేడా. చదవకుండానే చేయి వెళ్ళిపోయేంత అలవాటు ఉన్నవారికి మాత్రం చేసిన పని పోయేంత తేడా.

ఒకే డెస్క్‌టాప్, ఒకే రంగు, ఒకే ఐకాన్లు పెట్టి, ఎవరూ మార్చడానికి వీలు లేకుండా తాళం వేయమని మా విభాగంలో ఒక ప్రతిపాదన వచ్చింది. అందులో కొంత సబబుగా ఉందనిపిస్తోంది కానీ, ఎంతవరకు సబబో తేల్చుకోలేకపోతున్నాను. ఈ పనిలో ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

మాదాపూర్_డిజైనర్:

నేను ఈ ప్రతిపాదనకు పూర్తిగా వ్యతిరేకం. కారణం రుచుల గురించినది కాదు. ఇంటర్‌ఫేస్ ఎలా ఉండాలన్నది చేసే పనిని బట్టి నిర్ణయం కావాలి. భవనపు ప్లాను గీసేవారికి తెరలో వీలైనంత ఖాళీ స్థలం కావాలి. పట్టికలు నింపేవారికి ఒక గడి నుంచి మరో గడికి వెళ్ళే వేగం కావాలి. ఈ రెంటికీ ఒకే చట్రం బిగిస్తే ఇద్దరూ నష్టపోతారు. ఒక లక్ష్యాన్ని చేరడానికి పట్టే సమయం దాని దూరం మీద, పరిమాణం మీద ఆధారపడుతుందని 1954లోనే మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ సూత్రీకరించారు. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలో మెనూ తెర పై అంచున ఉండటానికి సమర్థనగా ఆ సూత్రాన్నే చెబుతారు, ఎందుకంటే కర్సర్ అంచు దాటి పోలేదు. కానీ పెద్ద మానిటర్లు రెండు పక్కపక్కన పెట్టుకున్న వర్క్‌స్టేషన్‌లో అదే మెనూ చాలా దూరమవుతుంది. నిన్న సరైన నియమం రేపటి యంత్రానికి సరిపోకపోవచ్చు. తాళం వేస్తే ఆ విషయం మనకు తెలియకుండా పోతుంది.

కుషాయిగూడ_యూనిక్స్:

నేను లినక్స్‌కు ముందునుంచీ ఉన్న ఆపరేటింగ్ వ్యవస్థ యూనిక్స్ నడిచే వర్క్‌స్టేషన్ల మీద పనిచేసి విరమించిన మనిషిని. మీరిద్దరూ మాట్లాడుతున్న విషయం మీద పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి పోరాడాయి కాబట్టి, ఆ చరిత్రను కాస్త వివరంగా చెబుతాను.

యూనిక్స్ యంత్రాల తెరమీద కిటికీలు చూపించే ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. నేటికీ వాడుకలో ఉన్న ఎక్స్11 రూపం 1987లో వచ్చింది. దానిని రాసినవారు ఒక నిర్ణయం తీసుకున్నారు: గీతలు గీయడానికి, కిటికీలు తెరవడానికి, కీబోర్డు, మౌస్ సంకేతాలు అందించడానికి కావలసిన సాధనాలన్నీ ఇస్తాము కానీ, బటన్ ఎలా ఉండాలి, మెనూ ఎక్కడ ఉండాలి అన్న విధానాన్ని మేము నిర్దేశించము అన్నారు. ఆ నిర్ణయం వల్లనే ఎక్స్ ఇన్ని దశాబ్దాలు బతికింది. ఆ నిర్ణయం వల్లనే ప్రతి కంపెనీ వర్క్‌స్టేషన్ ఒక్కో తీరుగానూ తయారైంది.

1988లో వర్క్‌స్టేషన్లు తయారుచేసే సన్, టెలిఫోన్ సంస్థ ఏటీ అండ్ టీ కలిసి ఓపెన్ లుక్ అనే ఇంటర్‌ఫేస్ నిర్దేశాన్ని ముందుకు తెచ్చాయి. అదే ఏడాది ఐబీఎం, హెచ్‌పీ, డెక్, అపోలో మొదలైన కంపెనీలు ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌గా ఏర్పడి, తరువాత మోటిఫ్ అనే పోటీ ఇంటర్‌ఫేస్‌ను తెచ్చాయి. ఓపెన్ లుక్‌లో స్క్రోల్ బార్ బాణాలు జారే భాగానికే అంటుకుని దానితోపాటు కదిలేవి. మోటిఫ్‌లో రెండు చివరలా ఉండిపోయేవి. ఓపెన్ లుక్ మెనూను గుండుసూది గుచ్చినట్టు తెరమీద నిలిపి ఉంచుకోవచ్చు. మౌస్ మధ్య బటన్ ఓపెన్ లుక్‌లో ఎంపికను పొడిగించడానికి, మోటిఫ్‌లో ఎంచుకున్నదానిని లాగి మరోచోట వేయడానికి. సన్ కీబోర్డు ఎడమ అంచున స్టాప్, అగైన్, ప్రాప్స్, అన్‌డూ, ఫ్రంట్, కాపీ, ఓపెన్, పేస్ట్, ఫైండ్, కట్ అని పది ప్రత్యేక కీలు ఉండేవి. వాటికి అలవాటుపడిన ఇంజనీరును మరో కంపెనీ యంత్రం ముందు కూర్చోబెడితే, ఎడమ చేయి లేని కీల కోసం తడుముకునేది.

చివరకు 1993 మార్చిలో సన్, ఐబీఎం, హెచ్‌పీ మొదలైన కంపెనీలు ఒక ఒప్పందానికి వచ్చాయి. సన్ ఓపెన్ లుక్‌ను పక్కనపెట్టి మోటిఫ్‌ను అంగీకరించింది. అందరికీ ఉమ్మడిగా సీడీఈ అనే డెస్క్‌టాప్ తయారైంది. అంటే తార్నాక గారు కోరుతున్న ‘అన్ని యంత్రాలకూ ఒకే తెర’ నిజంగానే సాధ్యపడింది. ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మారినా కింద అదే ప్యానెల్, అదే ఫైల్ మేనేజరు. అది నాకు గొప్ప ఊరట. ఎవరు ఏమన్నా ఆ మాట చెప్పే తీరతాను.

మాదాపూర్_డిజైనర్:

గౌరవనీయులైన కుషాయిగూడ గారికి, మీరు చెప్పిన చరిత్రలో తరువాతి భాగం కూడా ఉంది. సీడీఈ ఉమ్మడి ఆస్తి కావడంతో దానిని మార్చాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఒప్పుకోవడం ఆలస్యమైంది, రూపం 1990ల నడుమ ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. ఈలోగా 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ మొదలయ్యాయి. 2000లో సన్ కంపెనీయే గ్నోమ్ వైపు తిరిగింది. 2012లో సీడీఈ మూలాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసేనాటికి దానిని రోజువారీ పనికి వాడేవారు బహు తక్కువ. అందరినీ ఒప్పించి సాధించిన ప్రామాణికత అందరూ వదిలేసేదాకా కదలలేదు. మీకు కలిగిన ఊరటను నేను కాదనను. దానికి చెల్లించిన ధర కూడా లెక్కలోకి రావాలి.

కుషాయిగూడ_యూనిక్స్:

ధర ఉంది, నిజమే. కానీ ఆ ఒప్పందంలో ఏది బతికిందో కూడా చూడండి. ఐబీఎం 1987లో కామన్ యూజర్ యాక్సెస్ పేరిట నియమాలు ప్రచురించింది. సహాయానికి ఎఫ్1, మెనూ బార్‌కు ఎఫ్10, విండో మూయడానికి ఆల్ట్ ఎఫ్4 అన్నవి వాటిలోవే. మోటిఫ్ వాటిని తీసుకుంది, విండోస్ తీసుకుంది, ఈరోజు గ్నోమ్, కేడీఈలలో కూడా ఆల్ట్ ఎఫ్4 నొక్కితే విండో మూతపడుతుంది. ఆ నియమాలలో కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కు షిఫ్ట్ ఇన్సర్ట్ ఉండేవి. ఆపిల్ వారి లీసా, మాకింటాష్ కంప్యూటర్ల నుంచి వచ్చిన జెడ్, ఎక్స్, సీ, వీ వరుస తరువాత వాటిని వెనక్కి నెట్టినా, షిఫ్ట్ ఇన్సర్ట్ నేటికీ చాలాచోట్ల పనిచేస్తుంది. మోటిఫ్ వారి ఉబ్బెత్తు బటన్లు, నీడలు పోయాయి. ఏ కీ నొక్కితే ఏం జరుగుతుందన్నది మిగిలింది. మన ఇళ్ళలో స్విచ్ కిందికి నొక్కితే దీపం వెలుగుతుంది, అమెరికాలో పైకి లేపితే వెలుగుతుంది. రెంటిలో ఏది మంచిదో వాదించవలసిన పని లేదు, ఒకే ఇంట్లో రెండు రకాలు ఉండకూడదు, అంతే.

తేడాలన్నీ పనికోసమే పుట్టాయని కూడా అనుకోవద్దు. ఆపిల్ 1988లో మైక్రోసాఫ్ట్ మీద ఇంటర్‌ఫేస్ పోలికల గురించి దావా వేసింది. లోటస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ తన మెనూ వరుసను కాపీ చేసిందని మరో కంపెనీ బోర్లాండ్ మీద దావా వేసింది. మెనూ ఆదేశాలు ‘పనిచేయించే పద్ధతి’ కాబట్టి వాటికి కాపీరైట్ లేదని 1995లో అమెరికా అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది, 1996లో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తులు సమానంగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. ఆ భయం పోక ముందు, పక్కవాడితో పోలిక లేకుండా ఉండాలన్నది కూడా డిజైన్ వెనుక ఒక కారణమే.

చిక్కడపల్లి_డీటీపీ:

ఈ చర్చ ఇంజనీర్లకే పరిమితమైనట్టుంది కానీ, మా పనిలో ఇది అన్నం పెట్టే విషయం. తెలుగు డీటీపీ చేసేవారు యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ (ఏ కీ మీద ఏ అక్షరం అన్న అమరిక) మీద చేయి తిరిగినవారు కొందరు, మాడ్యులర్ మీద తిరిగినవారు కొందరు, కొత్తగా వచ్చేవారు ఇన్‌స్క్రిప్ట్ లేదా ఇంగ్లిష్ అక్షరాలతో టైపు చేసేవారు. పనికి మనిషి కావాలని ప్రకటన ఇస్తే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్లైన పేజ్‌మేకర్ వచ్చా, ఇన్‌డిజైన్ వచ్చా అన్నదాని తరువాత అడిగే ప్రశ్న కీబోర్డు గురించే. తెర రూపం మారితే వారంలో సర్దుకుంటారు. కీబోర్డు మారితే వేగం మళ్ళీ రావడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో పేజీకి ఇంత అని తీసుకునేవారి సంపాదన పడిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్ గురించి ఒక మాట చెప్పాలి. 1991 నాటి ఐఎస్ 13194 అనే భారతీయ ప్రమాణంలో అది ఉంది. ఎడమ చేతివైపు అచ్చులు, గుణింతపు గుర్తులు, కుడిచేతివైపు ఎక్కువగా హల్లులు వచ్చేలా అమర్చారు. తెలుగులో ‘క’ ఏ కీ మీద ఉందో హిందీలోనూ, కన్నడంలోనూ ‘క’ అదే కీ మీద ఉంటుంది. అక్షరం ఆకారం పూర్తిగా వేరు, వేలు వెళ్ళే చోటు ఒకటే. కుషాయిగూడ గారు ఆల్ట్ ఎఫ్4 గురించి చెప్పింది ఇక్కడ అక్షరాలా కనిపిస్తుంది. అయినా పాత లేఅవుట్లవారిని ఇన్‌స్క్రిప్ట్‌లోకి బలవంతంగా మార్చమని నేను అనను. ప్రమాణం కొత్తగా నేర్చుకునేవారికి మొదటి దారిగా ఉండాలి, చేయి తిరిగినవారికి శిక్షగా ఉండకూడదు.

ఉప్పల్_మ్యాపులు:

మ్యాపుల పనిలో డెస్క్‌టాప్ కన్నా పెద్ద ఇబ్బంది సాఫ్ట్‌వేర్ల మధ్య మౌస్ తేడాలు. ఒకచోట మధ్య చక్రం నొక్కి లాగితే చిత్రం పక్కకు జరుగుతుంది, మరోచోట అదే కదలిక చిత్రాన్ని తిప్పేస్తుంది. త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో చాలా కాలం కుడి బటన్‌తో ఎంచుకునేవారు. 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌లో అది ఎడమ బటన్‌కు మారింది. ఆ బృందం పాత అలవాటువారిని వదిలేయలేదు, మొదటిసారి తెరిచినప్పుడే ఏ బటన్ కావాలో అడిగేలా చేసింది. యంత్రభాగాలు గీసే ఫ్రీక్యాడ్‌లోనైతే చిత్రాన్ని తిప్పే, జరిపే పద్ధతులు చాలా ఉన్నాయి, సెట్టింగులలో ఎంచుకోవచ్చు. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో 3వ వెర్షన్ నుంచి యూజర్ ప్రొఫైళ్ళు ఉన్నాయి, టూల్‌బార్లు, ప్లగిన్లు ఒక ప్రొఫైలులో సిద్ధం చేసి అన్ని యంత్రాలకూ పంచవచ్చు.

తార్నాక గారూ, మీరు రంగుల గురించి, ఐకాన్ల గురించి సమావేశం పెట్టే ముందు, మీ ల్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్లన్నింటిలో మధ్య చక్రం ఏం చేస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. మార్చగలిగినవన్నీ ఒకే తీరుకు తెండి. విద్యార్థికి దక్కే లాభం అక్కడే ఎక్కువ.

తెర_చదువరి:

నేను తెరను చూడను, వింటాను. విండోస్‌లో ఎన్‌వీడీఏ, లినక్స్‌లో ఆర్కా అనే స్క్రీన్ రీడర్లు, అంటే తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, వాడతాను. అక్షరాలను మాటగా పలికే ఈస్పీక్ ద్వారా తెలుగు కూడా వినిపిస్తుంది. నాకు ఓపెన్ లుక్ స్క్రోల్ బారుకూ, మోటిఫ్ స్క్రోల్ బారుకూ తేడా లేదు. తెరమీద ఉన్న ప్రతి వస్తువూ తన పేరు, తన పాత్ర, తన ప్రస్తుత స్థితి స్క్రీన్ రీడరుకు చెప్పగలిగితే చాలు: దీని పేరు ‘సేవ్’, ఇది బటన్, ఇప్పుడు నొక్కడానికి వీలు లేదు. జీటీకే, క్యూటీ వంటి సాధారణ టూల్‌కిట్లతో (బటన్లు, మెనూలు సిద్ధంగా ఇచ్చే సాధనాలతో) చేసిన బటన్లు చాలావరకు ఈ సమాచారం ఇస్తాయి. తెరంతా తామే బొమ్మలా గీసుకునే సాఫ్ట్‌వేర్లు ఇవ్వవు. ఉప్పల్ గారు మెచ్చుకున్న బ్లెండర్ తన ఇంటర్‌ఫేస్‌ను అలాగే గీస్తుంది, అందువల్ల దాని బటన్లు స్క్రీన్ రీడరుకు అందవు. కుడి, ఎడమ అని అడిగే మర్యాద ఉన్నచోటే నాకు తలుపు లేదు.

మాదాపూర్ గారు స్వేచ్ఛ గురించి చెప్పినది బాగుంది. మీరు కొత్త రకం బటన్ కనిపెట్టిన ప్రతిసారీ దాని పేరు, పాత్ర, స్థితి ప్రకటించే బాధ్యతను కూడా స్వేచ్ఛతోపాటు తీసుకోండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ ఉత్పత్తుల అందుబాటు గురించి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. అవి బటన్ ఏ మూలన ఉండాలో చెప్పవు, బటన్ అన్నది అందరికీ బటన్‌గా తెలియాలని చెబుతాయి. కొనుగోలు పత్రంలో ఒక్క వాక్యం చేర్చగలిగితే తార్నాక గారు దీన్నే చేర్చాలని నా విన్నపం. మౌస్ ముట్టకుండా కీబోర్డుతోనే పని పూర్తి చేసి చూడండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడ నాలాంటి విద్యార్థి కూడా ఆగిపోతాడు.

మాదాపూర్_డిజైనర్:

తెర చదువరి గారి మాటకు నా దగ్గర అభ్యంతరం లేదు. నా వాదన కూడా దానితో పదునెక్కుతుంది. మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య వ్యవహారం గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241లో 110వ భాగం చదివితే, వినియోగదారు ఊహించినట్టే వ్యవస్థ ప్రవర్తించాలన్న సూత్రం, నియంత్రణ వినియోగదారు చేతిలో ఉండాలన్న సూత్రం రెండూ కనిపిస్తాయి. మొదటిది పట్టుకుని రెండోదానికి తాళం వేయడమే ఆ ప్రతిపాదనలోని లోపం. అక్షరం పెద్దది చేసుకోవడం, రంగుల వ్యత్యాసం పెంచుకోవడం, కదిలే బొమ్మలు ఆపుకోవడం ఎవరి అవసరం వారిది. ఇవి తాళం కిందకు వెళ్తే ల్యాబ్ కొందరికే పనికొస్తుంది.

తెలుగు_అనువాదం:

తెలుగు ఇంటర్‌ఫేస్ పెట్టుకునే విద్యార్థులు కూడా ఉంటారు కాబట్టి రెండు సాంకేతిక విషయాలు. ఒకటి, తెలుగు లిపికి పైన గుడులు, కింద వత్తులు ఉండటం వల్ల వరుస ఎత్తు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ కొలతతో ఎత్తు బిగించిన బటన్లలో వత్తులు కోసుకుపోతాయి. అందువల్ల ఒకే రూపం అంటూ పిక్సెళ్ళ లెక్కలో కొలతలు నిర్దేశించవద్దు. రెండు, మెనూలోని ఒక అక్షరం కింద గీత గీసి, ఆల్ట్‌తో కలిపి దానిని నొక్కితే మెనూ తెరుచుకునే పద్ధతి తెలుగులో నేరుగా కుదరదు. అందుకే గ్నోమ్ తెలుగు అనువాదాలలో మెనూ పేరు పక్కన ఇంగ్లిష్ అక్షరం విడిగా చేర్చారు. చూడటానికి అది అందంగా లేదని కొందరు తీసేయమంటారు. తీసేస్తే తెర చదువరి గారి చేతిలోని దారి మూసుకుపోతుంది. అది ఉండాలి.

తార్నాక_ల్యాబ్:

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు నాకు ఒక ఆచరణ ప్రశ్న. కొన్నింటికి మాత్రమే తాళం వేసి, మిగిలినవి విద్యార్థికి వదిలేయడం సాధ్యమేనా? లేదా వేస్తే అన్నింటికీ వేయాలా?

బాలానగర్_అడ్మిన్:

సాధ్యమే. గ్నోమ్‌లో సెట్టింగులు డీకాన్ఫ్ అనే భాండాగారంలో ఉంటాయి. వ్యవస్థ మొత్తానికి తొలి విలువలు ఒక ఫైలులో రాస్తారు, వాటిలో మార్చకూడని వాటి పేర్లు మాత్రం తాళాల ఫైలులో విడిగా రాస్తారు. తాళాల ఫైలులో లేనిది ఏదైనా విద్యార్థి మార్చుకోవచ్చు. కేడీఈలో కియోస్క్ అనే ఏర్పాటు ఉంది, కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక్కో వరుసకు విడివిడిగా ‘మార్చరాదు’ అన్న గుర్తు పెట్టవచ్చు. విండోస్‌లో ఇదే పనికి గ్రూప్ పాలసీ ఎలాగూ ఉంది.

మీకు గ్నోమ్ నేటి అమరిక అలవాటు చేయడం కష్టంగా ఉంటే, పాత అమరికను పోలిన గ్నోమ్ క్లాసిక్ చూడండి. 2011లో గ్నోమ్ 3 వచ్చి పాత అమరికను పూర్తిగా మార్చినప్పుడు వర్క్‌స్టేషన్ల మీద పనిచేసేవారు చాలా అసంతృప్తి చెందారు. రెడ్ హ్యాట్ 2014లో తెచ్చిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో క్లాసిక్‌నే తొలి ఎంపికగా ఇచ్చింది. అమ్మే సంస్థలు కూడా పాత అలవాటుకు విలువ ఇవ్వక తప్పలేదు.

టెర్మినల్ విషయం ఎవరూ ప్రస్తావించలేదు. టెర్మినల్‌లో కంట్రోల్ సీ నడుస్తున్న పనిని ఆపేస్తుంది, అందుకే అక్కడ కాపీకి షిఫ్ట్ కూడా కలపాలి. విండోస్ నుంచి వచ్చిన విద్యార్థి కాపీ చేయబోయి, గంటసేపు నడిచిన గణనను ఆపేసుకుంటాడు. దీన్ని మార్చకండి, యూనిక్స్ నేర్చుకునేవారికి ఆ కీ ఎక్కడికి వెళ్ళినా అలాగే ఉంటుంది. మొదటి తరగతిలోనే చెప్పండి.

తార్నాక_ల్యాబ్:

ఈ చర్చ ఆధారంగా విభాగానికి ఇవ్వబోయే ముసాయిదా సారాంశం ఇది. విండో బటన్లు అన్ని యంత్రాలలో కుడివైపునే ఉంటాయి. కాపీ, పేస్ట్, సేవ్, విండో మార్పు, విండో మూత కీలకు తాళం ఉంటుంది. క్యాడ్ (నమూనాలు గీసే), మ్యాపు సాఫ్ట్‌వేర్లలో మధ్య చక్రం పని మార్చగలిగినంతవరకు ఒకే తీరున ఉంచి, మార్చలేనివాటిని ప్రతి సీటు దగ్గర అంటించిన కాగితం మీద రాస్తాము. రంగు, అక్షర పరిమాణం, భాష, ఐకాన్లు, ప్యానెల్ స్థానం విద్యార్థి ఇష్టం. కొనే ప్రతి సాఫ్ట్‌వేరునూ కీబోర్డుతోను, స్క్రీన్ రీడరుతోను పరీక్షించాకే తీసుకుంటాము. డైలాగులలో ‘రద్దు’ వరుస మాత్రం మా చేతిలో లేదు కాబట్టి, పరీక్ష గదిలోని లినక్స్ యంత్రాలన్నింటిలోనూ ఒకే డెస్క్‌టాప్, అంటే కేడీఈ, పెడితే విండోస్ వరుసతో సరిపోతుందని అనుకుంటున్నాను.

మాదాపూర్_డిజైనర్:

దీనిని ఒప్పుకుంటాను, ఒక్క షరతుతో. తాళం వేసిన ప్రతి అంశం పక్కన ఎందుకు వేశారో, మళ్ళీ ఎప్పుడు సమీక్షిస్తారో రాయండి. సమీక్షలో విద్యార్థులు కూడా కూర్చోవాలి. కేడీఈలో కూడా గ్నోమ్ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ల డైలాగులు తమ వరుసనే చూపిస్తాయన్నది గమనించండి, ఆ తేడా పూర్తిగా పోదు.

చిక్కడపల్లి_డీటీపీ:

ముసాయిదాలో తెలుగు టైపింగ్ గురించి లేదు. ఇంగ్లిష్ నుంచి తెలుగుకు మారే కీ కూడా తాళం వేయవలసిన వాటిలోదే. వ్యాసం మధ్యలో అది ఎన్నిసార్లు నొక్కుతామో రాసేవారికే తెలుసు.

బాలానగర్_అడ్మిన్:

విండోస్‌లోనూ, గ్నోమ్‌లోనూ విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే లేఅవుట్ మారుతుంది, కేడీఈలో అదే జతను సెట్టింగులలో కేటాయించండి. లేఅవుట్ల జాబితాలో ఇంగ్లిష్‌ను తీసేయకండి. తెలుగు ఒక్కటే ఉంచితే కొన్ని సాఫ్ట్‌వేర్లలో కంట్రోల్‌తో చేసే షార్ట్‌కట్లు పనిచేయవు. లాగిన్ తెరలో మాత్రం ఇంగ్లిష్ మొదటిదిగా ఉండాలి. అక్కడ పాస్‌వర్డు చుక్కలుగానే కనిపిస్తుంది కాబట్టి, తెలుగు అక్షరాలు పడుతున్నాయని విద్యార్థికి తెలియక, పాస్‌వర్డు మరిచిపోయానని మీ దగ్గరకు వస్తాడు.

తార్నాక_ల్యాబ్:

చేర్చాను. గ్నోమ్, కేడీఈ రెండింటి తాళాల ఫైళ్ళూ సిద్ధమయ్యాక ఇక్కడే పెడతాను. మిగతా కళాశాలలవారు తమ అవసరానికి తగ్గట్టు మార్చుకుని వాడుకోవచ్చు.